గుండెపోటు వచ్చిన ఇంట్లో మంచాలు వేరు కావాలా?

ఈ పత్రికను మీ ఇళ్లలో రాత్రి భోజనాలైన తరువాత ఒకరు పైకి చదువుతుంటే మిగిలినవారు వింటారని నాకు తెలుసు. ఈ వ్యాసాన్ని మాత్రం అలా చదవవద్దు. పిల్లలు నిద్రపోయిన తరువాత భార్యాభర్తలిద్దరే కూర్చొని చదువుకోండి. ఇది సిగ్గుపడవలసిన విషయము కాదు గాని, ఇద్దరి మధ్య ఉండవలసిన విషయము.

గుండె జబ్బు వచ్చిన తరువాత భార్యాభర్తలు కలిసి ఉండవచ్చునా? ఈ ప్రశ్న మన సంఘాలలో ఎన్నో ఇళ్లలో ఉన్నది. అడిగేవారే లేరు. డాక్టరుగారిని అడగాలంటే భయం, పాస్టరుగారిని అడగాలంటే సిగ్గు, భార్యాభర్తలు ఒకరినొకరు అడగాలంటే మరీ కష్టం. అడగకుండా ఊరుకొన్న ప్రశ్న ఒక కుటుంబాన్ని ఎక్కడిదాకా తీసుకొని వెళ్లిందో నేను కళ్లారా చూశాను. ఆ దంపతుల అనుమతితో, వారి పేరు, ఊరు చెప్పకుండా వ్రాస్తున్నాను.

వసారాలో మంచం

ఆ సహోదరునికి అప్పటికి 52 సంవత్సరాలు. రెండెకరాల మిరప తోట, కొంత కౌలు పొలము. ఒక తెల్లవారుజామున మోటారు వేయడానికి వెళ్లి, ఛాతీ పట్టుకొని గట్టుమీద కూలబడిపోయాడు. ప్రక్క పొలంవారు చూసి 108కు ఫోను చేశారు. పట్నంలో ఆస్పత్రిలో చేర్చి, మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంటు వేశారు. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నందున పొలం అమ్ముకోవలసిన అవసరం రాలేదు. వారం రోజులలో ఇంటికి వచ్చాడు. సంఘమంతా సంతోషించింది.

ఆస్పత్రివారు ఇచ్చిన కాగితంలో ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఉన్నది. ఉప్పు తగ్గించమని, బీడీ మానమని, రోజూ నడవమని ఉన్నది. కాపురం సంగతి మాత్రం లేదు. వీరూ అడగలేదు.

నెల తరువాత నేను ప్రార్థనకు వెళ్లినప్పుడు ఆయన మంచం వసారాలోకి వచ్చింది. "గాలి బాగా తగులుతుందండీ" అన్నాడు. డిసెంబరు చలిలో మళ్లీ వెళ్లాను. అప్పుడూ మంచం వసారాలోనే ఉన్నది. కొన్నాళ్లకు ఆయన భార్య మా ఇంటికి వచ్చి నా భార్య దగ్గర కళ్లనీళ్లు పెట్టుకొన్నది. "అమ్మగారూ, ఆయన దగ్గరకు వస్తే నాకు వణుకు వస్తంది. నా చేతుల్లోనే ఏమన్నా అయితే నా పిల్లలకు ఏం చెప్పుకోను? అందుకే లోపల గడియ పెట్టుకొని పడుకుంటన్నా" అన్నది. ఆయనేమో నాతో వేరే మాట అన్నాడు. "అయ్యగారూ, నేనింక పనికిరాని మనిషినైపోయాను. మా ఇంటిది నా మొహంకేసి కూడా చూడటం లేదు" అన్నాడు. ఆమె భర్త మీద ప్రేమతోనే దూరంగా ఉన్నది. ఆయన దానిని అసహ్యమనుకొన్నాడు. ఈ మాట వారిద్దరూ ఒకరితో ఒకరు అనుకోలేదు.

ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాలి. ఆ రోజు నేను ఆయనతో, "ఇంక ఈ వయసులో ఆ ఆలోచనలు ఎందుకు బ్రదర్? ప్రాణం దక్కింది, అదే చాలు. ఆ సమయం ప్రార్థనలో గడపండి" అన్నాను. గుండె జబ్బు వచ్చినవారికి దాంపత్యం ప్రమాదమని అందరిలాగే నేనూ నమ్మాను. ఏ వైద్యుణ్ణీ అడిగి తెలుసుకోలేదు. తెలియని విషయంలో తెలిసినట్లుగా సలహా చెప్పాను.

తరువాత జరిగినది వినండి. బస్టాండు దగ్గర గోడలమీద కనిపించే ప్రకటన ఒకటి చూసి, ఆయన ఎవరికీ చెప్పకుండా ఒక లాడ్జిలో కూర్చొనే వైద్యుని దగ్గరకు వెళ్లాడు. మూలికల మందని చెప్పి పొట్లాలు ఇచ్చారు. ఆ సాయంత్రం ఒక పొట్లం వేసుకొన్నాడు. కొంతసేపటికి కళ్లు తిరిగి, చెమటలు పట్టి, వసారాలోనే పడిపోయాడు. మళ్లీ 108, మళ్లీ ఆస్పత్రి. బి.పి. బాగా పడిపోయింది. "ఏం వేసుకున్నావు?" అని డాక్టరుగారు మూడుసార్లు అడిగినా, చుట్టూ బంధువులూ నేనూ ఉండటంవలన నోరు విప్పలేదు. చివరకు డాక్టరుగారు అందరినీ బయటకు పంపి అడిగారు. అప్పుడు చెప్పాడు. దేవుని కృపవలన బ్రతికి బయటపడ్డాడు.

ఆ రాత్రి డాక్టరుగారు నన్ను ప్రక్కకు పిలిచి, "పాస్టరుగారూ, వీళ్లు సిగ్గుపడి మమ్మల్ని అడగరు. ఈ రద్దీలో మేమూ చెప్పం. మీరు ఇంటింటికీ వెళ్లేవారు, మీరన్నా చెప్పండి" అన్నారు. ఆ మాట నాకు బాగా గుచ్చుకొన్నది. తరువాత ఆయన దగ్గర కూర్చొని అడిగి తెలుసుకొన్న సంగతులు, వైద్యులు వ్రాసినవి చదివి తెలుసుకొన్న సంగతులు మీ ముందుంచుతున్నాను.

గుండెకు ఎంత పని పడుతుంది?

మనం కదలకుండా కూర్చొన్నప్పుడు శరీరం కొంత శక్తిని వాడుకొంటుంది. దానిని ఒక వంతు అనుకొందాం. చదునైన దారిలో మామూలుగా నడిస్తే సుమారు 3 వంతులు ఖర్చవుతుంది. దాంపత్య కలయికలో ఖర్చయ్యేది 3 నుండి 5 వంతులు. అది కూడా ఎక్కువసేపు ఉండదు. గుండె వేగము, రక్తపోటు అత్యధికంగా పెరిగేది చివరి 10, 15 సెకన్లపాటు మాత్రమే. ఆ తరువాత త్వరగానే మామూలు స్థితికి వస్తాయి. మామూలు బి.పి. ఉన్నవారిలో ఆ సమయంలో నాడి నిమిషానికి 130 దాటడం, పై బి.పి. 170 దాటడం అరుదు.

అంటే గడ్డిమోపు తలకెత్తుకొని గట్టున నడిచేవారికి, పార పట్టి మట్టి తవ్వేవారికి ఇది అంతకన్నా పెద్ద శ్రమ కాదు. వైద్యులు చెప్పే సులువైన గుర్తు ఒకటున్నది. రెండు అంతస్తుల మెట్లు చురుకుగా ఎక్కినప్పుడు ఛాతీలో నొప్పి గాని, విపరీతమైన ఆయాసం గాని రాకపోతే, దాంపత్య జీవితానికి సాధారణంగా ఆ గుండె సిద్ధంగా ఉన్నట్లే. అనుమానం ఉన్నవారికి డాక్టర్లు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయిస్తారు. నడిచే పట్టాపై నడిపించి, ఇ.సి.జి. చూసి, గుండె ఎంత శ్రమకు తట్టుకొంటుందో చెబుతారు. అయితే గుండెపోటు నుండి క్రొత్తగా లేచినవారు ఎవరికి వారు మెట్లెక్కి పరీక్ష చేసుకొనవద్దు. మొదట డాక్టరును అడగండి.

ఈ సంగతులన్నిటినీ పరిశీలించి, అమెరికా హృద్రోగ వైద్యుల సంఘము 2012 జనవరిలో ఒక ప్రకటన విడుదల చేసింది. జబ్బు నిలకడగా ఉండి, ఈపాటి శ్రమకు ఇబ్బంది పడనివారు దాంపత్య జీవితం కొనసాగించవచ్చునన్నది అందులోని ముఖ్యమైన మాట.

ప్రాణాపాయము ఎంత?

"ఫలానా ఊళ్లో ఒకాయన అలాగే పోయాడంట" అనే మాట మనం వింటూనే ఉంటాము. అసలు లెక్క ఏమిటి? జపాను దేశంలో 5,559 ఆకస్మిక మరణాలను పరిశీలించి 1963లో ఒక వైద్యుడు ప్రకటించిన లెక్కలో, కలయిక సమయంలో జరిగినవి 34. అంటే నూటికి ఒక్కటి కూడా లేదు. ఇతర దేశాలలో జరిగిన పరిశీలనలలో కూడా ఇది చాలా కొద్దిగానే కనిపించింది.

ఆ కొద్ది మరణాలలో మరో సంగతి బయటపడింది. చనిపోయినవారిలో అత్యధికులు పురుషులు. వారిలో నూటికి సుమారు 75 మంది తమ భార్యతో కాక, వేరొక స్త్రీతో ఉన్నవారు. చాలావరకు తమకన్నా చిన్న వయసు స్త్రీతో, అలవాటు లేని చోట, లేదా అతిగా తిని త్రాగి ఉన్నవారు. పాస్టరును గనుక ఈ లెక్కను పట్టుకొని పెద్ద ప్రసంగము చేయాలని నాకూ అనిపించింది. కాని వైద్యులు చెప్పే కారణం సూటిగా ఉన్నది. రహస్యంవలన కలిగే ఆందోళన, మద్యం, నిండిన కడుపు గుండెపై భారము పెంచుతాయి. తన ఇంట్లో, తన భార్యతో, నెమ్మదిగా ఉండే భర్తకు ఆ భారము ఉండదు. మన సహోదరుని భార్య గడియ పెట్టుకొని వణికిపోవలసిన కారణం లేదు.

1996లో అమెరికాలో వెలువడిన మరొక పరిశోధనలో గుండెపోటు వచ్చిన 1,774 మందిని ప్రశ్నించారు. కలయిక తరువాత రెండు గంటల వరకు గుండెపోటు వచ్చే అవకాశం సుమారు రెండున్నర రెట్లు పెరుగుతున్నదని తేలింది. రెండున్నర రెట్లు అనగానే భయపడవద్దు. మొదట ఉన్నది ఎంత అని చూడాలి. ఇంతకుముందు గుండెపోటు వచ్చినవారు పది లక్షల మంది ఉంటే, ఒక గంటలో వారిలో సుమారు 10 మందికి మళ్లీ వచ్చే అవకాశం ఉన్నది. ఈ సమయంలో అది 20, 30 మందికి పెరుగుతుంది. పది లక్షలలో ఇది చాలా చిన్న లెక్క. అంతకన్నా మంచి వార్త ఏమిటంటే, క్రమంగా వ్యాయామం చేసేవారిలో ఆ కాస్త పెరుగుదల కూడా దాదాపుగా కనబడలేదు. కనుక డాక్టరు నడవమన్నప్పుడు నడవాలి. ఆ నడక గుండెను కాపాడుతుంది, కాపురాన్నీ కాపాడుతుంది.

ఎప్పటినుండి?

ఇది అందరూ అడగాలనుకొని అడగలేని ప్రశ్న. సాధారణంగా వైద్యులు చెప్పేది ఇది. చిక్కులు లేని గుండెపోటు అయితే, మామూలు పనులకు నొప్పి గాని ఆయాసం గాని రాకపోతే, వారం లేదా అంతకన్నా ఎక్కువ రోజుల తరువాత. చాలామంది డాక్టర్లు జాగ్రత్త కొరకు ఇంకా కొన్ని వారాలు ఆగమంటారు. మిమ్మల్ని చూస్తున్న డాక్టరుగారి మాటే వినండి. స్టెంటు మాత్రమే వేసి, గుండెపోటు రానివారికి, గొట్టం పంపిన చేతి దగ్గర లేదా తొడ దగ్గర గాయం బాగా మానితే కొద్ది రోజులు చాలు. ఛాతీ కోసి బైపాస్ ఆపరేషన్ చేసినవారికి 6 నుండి 8 వారాలు ఆగాలి. రొమ్ము ఎముక అతకాలి గదా! ఆ తరువాత కూడా కొంతకాలం ఛాతీమీద బరువు పడకుండా చూసుకోవాలి.

కొందరు మాత్రం తప్పనిసరిగా ఆగాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడే ఛాతీ నొప్పి వస్తున్నవారు, పడుకొంటే ఆయాసం వచ్చి లేచి కూర్చొనేవారు, కాళ్లవాపు పెరుగుతున్నవారు, బి.పి. అదుపులో లేనివారు, గుండె లయ తప్పి స్పృహ పోతున్నవారు, గుండె కవాటం బాగా మూసుకుపోయి ఆయాసపడుతున్నవారు. వీరికి మొదట వైద్యం జరిగి, జబ్బు అదుపులోకి రావాలి. అదుపులోకి వచ్చిన తరువాత డాక్టరును మళ్లీ అడగవచ్చు.

కడుపు నిండా తిన్న వెంటనే వద్దు. పొలం పనితో అలసి ఒళ్లు తూలుతున్నప్పుడు వద్దు. మద్యం అసలే వద్దు. ఛాతీలో నొప్పి, బరువు, దవడకు గాని ఎడమ చేతికి గాని ప్రాకే నొప్పి, ఊపిరి అందకపోవడం, కళ్లు తిరగడం అనిపిస్తే వెంటనే ఆగిపోయి కూర్చోవాలి. అయిదు నిమిషాలలో తగ్గకపోతే 108కు ఫోను చేయాలి. పక్కింటివారు ఏమనుకొంటారో అని ఆలస్యం చేయవద్దు.

రెండు మందులు కలిస్తే

మన సహోదరుడు ఎందుకు పడిపోయాడు? ఆయన రోజూ ఉదయం వేసుకొనే మాత్రలలో ఒకటి నైట్రేటు రకము. ఛాతీ నొప్పి రాకుండా రక్తనాళాలను వెడల్పు చేసే మందు అది. నొప్పి వచ్చినప్పుడు నాలుక క్రింద పెట్టుకొనే సార్బిట్రేట్ మాత్ర కూడా ఆ కోవకు చెందినదే.

పురుషుల బలహీనతకు వాడే సిల్డెనాఫిల్ అనే మందును మొదట ఛాతీ నొప్పి కొరకే పరీక్షించారు. దానికి అంతగా పనికిరాలేదు గాని, వేరొక ఫలితం కనిపించింది. 1998 మార్చిలో అమెరికా ప్రభుత్వం అనుమతించగా వయాగ్రా అనే పేరుతో బజారులోకి వచ్చింది. ఇది కూడా రక్తనాళాలను సడలిస్తుంది. నైట్రేటు, సిల్డెనాఫిల్ రెండూ ఒంట్లో కలిస్తే బి.పి. ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. కనుక నైట్రేటు వాడేవారు ఈ మందు ముట్టకూడదు. ఒకవేళ ఎవరైనా సిల్డెనాఫిల్ వేసుకొని ఉంటే 24 గంటల వరకు, టడలాఫిల్ అనే మందు వేసుకొని ఉంటే 48 గంటల వరకు నాలుక క్రింది మాత్ర పెట్టుకొనకూడదు. ఆ సమయంలో ఛాతీ నొప్పి వస్తే 108లో వచ్చినవారికి, డాక్టరుకు ఆ సంగతి మొట్టమొదట చెప్పాలి. దాచవద్దు. వారు మిమ్మల్ని చూసి నవ్వరు. ఆ మాట తెలిస్తేనే సరియైన వైద్యం చేయగలరు.

"నేను వేసుకొన్నది ఇంగ్లీషు మాత్ర కాదు, మూలికల మందు" అన్నాడు మన సహోదరుడు. మూలికలని అమ్మే ఇటువంటి పొడులలో పేరు చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపి అమ్మడం అనేక దేశాలలో పరీక్షలలో బయటపడింది. ఆ పొట్లంలో కూడా అదే ఉండి ఉంటుందని డాక్టరుగారు అనుమానించారు. పొట్లం మీద పేరు లేదు, తయారుచేసినవాడు లేడు, రేపు అడుగుదామంటే లాడ్జిలో మనిషీ ఉండడు. నైట్రేటు అవసరం లేనివారికి, జబ్బు నిలకడగా ఉన్నవారికి డాక్టరే పరీక్షించి సరియైన మందు వ్రాసి ఇవ్వగలరు. అడిగితే దొరికే వైద్యాన్ని వదిలిపెట్టి ప్రాణం పణంగా పెట్టవద్దు.

ఇంకొక ప్రమాదం, ఉన్న మాత్రలు మానివేయడం. "ఈ బి.పి. మాత్రవల్లే నాకు బలహీనత వచ్చింది" అని భార్యకు కూడా చెప్పకుండా మానివేసినవారిని నేను ఎరుగుదును. కొన్ని మాత్రలవలన కొందరికి అలా జరగవచ్చు. కాని భయం కూడా అదే పని చేస్తుంది. 2003లో ఇటలీ వైద్యులు ప్రకటించిన పరిశోధన ఒకటి చూడండి. గుండె జబ్బు ఉన్న 96 మంది పురుషులకు ఒకే మాత్ర, అటెనోలాల్, ఇచ్చారు. ఏ మాత్రో చెప్పనివారిలో నూటికి ముగ్గురు బలహీనత వచ్చిందన్నారు. మాత్ర పేరు మాత్రమే చెప్పినవారిలో నూటికి సుమారు 16 మంది. దీనివలన బలహీనత రావచ్చునని కూడా చెప్పినవారిలో నూటికి 31 మంది! మాత్ర ఒకటే, తేడా వారు విన్న మాటలో ఉన్నది. నిజంగా మాత్రవలన ఇబ్బంది అయితే డాక్టరు వేరే మాత్రకు మార్చగలరు. మీ అంతట మీరు మానితే మళ్లీ గుండెపోటు రావచ్చు.

ముందుగా వచ్చే హెచ్చరిక

ఇంతవరకు గుండెపోటు వచ్చినవారి సంగతి. ఇక ఏ జబ్బూ లేదనుకొనే పురుషులు ఈ మాట శ్రద్ధగా చదవండి. గుండెకు రక్తం తీసుకొనివెళ్లే నాళాలు సుమారు 3, 4 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి. పురుషాంగానికి రక్తం తీసుకొనివెళ్లేవి 1, 2 మిల్లీమీటర్లే. షుగరు, బి.పి., పొగాకు, కొలెస్ట్రాలు రక్తనాళాల లోపలి పొరను పాడుచేస్తున్నప్పుడు, సన్నని గొట్టం ముందుగా ఇబ్బంది చూపుతుంది. మన పొలంలో కూడా సన్న పైపే ముందు పూడిపోతుంది గదా! అందుచేత పురుషునిలో బలహీనత, గుండె జబ్బు బయటపడటానికి రెండు మూడు సంవత్సరాల ముందే, ఒక్కొక్కసారి అయిదు సంవత్సరాల ముందే కనబడవచ్చు.

ప్రతి బలహీనతా గుండె జబ్బు కాదు. దిగులు, అప్పుల బాధ, నిద్రలేమి కూడా కారణం కావచ్చు. కాని 40 దాటిన పురుషునికి ఇది క్రొత్తగా మొదలై నెలల తరబడి ఉంటే, పోస్టర్లమీద ఉన్న నంబరుకు ఫోను చేయవద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి షుగరు, బి.పి. చూపించుకోండి. కొలెస్ట్రాలు పరీక్ష, ఇ.సి.జి. ఎక్కడ చేస్తారో అక్కడ అడిగి చేయించుకోండి. బీడీ, చుట్ట, గుట్కా మానండి. మన సహోదరుడు తరువాత నాతో ఒక మాట అన్నాడు. గుండెపోటు రాకముందు రెండు సంవత్సరాలుగా ఆయనకు ఆ ఇబ్బంది ఉన్నది. ఎవరికీ చెప్పుకోలేదు. అప్పుడే షుగరు పరీక్ష చేయించుకొని ఉంటే ఆ తెల్లవారుజామున గట్టుమీద పడిపోయేవాడు కాదేమో.

సహోదరీలతో ఒక మాట

గుండె జబ్బు పురుషులకే అనుకోవద్దు. జబ్బుపడినది భార్య అయితే, ఆమెను ఎవరూ ఈ ప్రశ్న అడగరు. ఆమెకు ఆయాసం ఉన్నా, మనసు లేకపోయినా, కాదంటే భర్త ఏమనుకొంటాడో అని ఊరుకొంటుంది. భర్తలారా, మీరే అడగండి. ఆమె సమ్మతి, ఆమె సుఖము మీ బాధ్యత.

మన పల్లెలలో చిన్ననాటి కీళ్లజ్వరంవలన గుండె కవాటాలు చెడిపోయిన యువతులు ఉన్నారు. వీరిలో కొందరికి గర్భము ధరించడమే పెద్ద ప్రమాదము. పెండ్లి కాగానే, గర్భము రాకముందే, గుండె డాక్టరును కలవాలి. గర్భనిరోధక మాత్రలు కూడా దుకాణంలో అడిగి తెచ్చుకొనవద్దు. కొన్ని రకాలు రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచుతాయి. గుండె జబ్బు ఉన్నవారికి ఏది తగినదో డాక్టరే చెప్పాలి.

గుండెపోటు తరువాత మనసు కృంగిపోవడం కూడా చాలామందిలో ఉంటుంది. ఊరకే ఏడుపు రావడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం, దాంపత్యం మీద ఆసక్తి పోవడం అందులో భాగమే. దానికి వైద్యం ఉన్నది. మందులతోపాటు ఆ సంగతి కూడా చెప్పండి.

అడగండి

ఈ మౌనం మన పల్లెలకే పరిమితము కాదు. అమెరికా, స్పెయిన్ దేశాలలో గుండెపోటు వచ్చిన 55 సంవత్సరాలలోపు వారిని అడిగి, 2014లో ఒక పరిశోధన ప్రకటించారు. గుండెపోటు వచ్చిన తరువాత నెలలో ఈ విషయము డాక్టరుతో మాట్లాడినవారు పురుషులలో నూటికి 19 మంది, స్త్రీలలో 12 మంది మాత్రమే. చదువుకొన్న దేశాలలోనే ఇలా ఉంటే, పదిమంది వరుసలో నిలబడి ఉండే మన ఓ.పి. గదిలో ఎలా అడుగుతాము?

నా సలహా ఇది. ఈసారి చెకప్‌కు భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లండి. ఒక చీటీ మీద వ్రాసుకొని వెళ్లి డాక్టరుగారి చేతికి ఇవ్వండి. "మేమిద్దరం ఎప్పటిలాగా కాపురం చేయవచ్చా? ఎప్పటినుండి? నా మాత్రలలో నైట్రేటు ఉన్నదా? ఏ మందులు కలపకూడదు? ఏమనిపిస్తే ఆగిపోవాలి?" ఈ అయిదు ప్రశ్నలు చాలు. నోటితో చెప్పలేనిది చీటీ చెబుతుంది. ఇంటికి వచ్చిన తరువాత తొందరపడవద్దు. మొదట ఒకే గదిలో పడుకోండి. చేయి పట్టుకొని మాట్లాడుకోండి. భయమంటే భయమని చెప్పుకోండి. మిగిలినది నెమ్మదిగా వస్తుంది. రాకపోయినా, దగ్గరతనము పోనివ్వవద్దు.

తోటి కాపరులారా, మీతోనూ ఒక మాట. పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయంలో భార్యాభర్తల శరీర సంబంధమును గూర్చి ఏ సంకోచమూ లేకుండా వ్రాశాడు. ప్రార్థన కొరకు ఎడంగా ఉన్నా అది ఇద్దరి సమ్మతితో, కొంతకాలము మాత్రమే ఉండాలన్నది అక్కడి భావము. ఆ అధ్యాయము నేను ఎన్నో పెండ్లిళ్లలో చదివాను. ఆ సహోదరుడు సహాయము కొరకు నా దగ్గరకు వచ్చిన రోజున మాత్రం దానికి విరుద్ధంగా సలహా చెప్పి పంపించాను. ఆయన నా దగ్గర నుండి లేచి లాడ్జికి వెళ్లాడు. ఆ సంగతి నేను మరచిపోలేను. ఇటువంటి ప్రశ్నతో ఎవరైనా మీ దగ్గరకు వస్తే, తెలియకపోతే తెలియదని చెప్పండి. డాక్టరు దగ్గరకు వారితో కలిసి వెళ్లండి.

ఆ దంపతులను డాక్టరుగారు ఇద్దరినీ కూర్చోబెట్టి అరగంట మాట్లాడారు. ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించి, మందులు సరిచేశారు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఇద్దరూ కాలువగట్టు మీద నడుస్తుంటారు. మొదట్లో ఆమె నాలుగడుగులు వెనుక నడిచేది, ఇప్పుడు ప్రక్కన నడుస్తున్నది. మొన్న సంక్రాంతి ముందు వారి ఇంటికి ప్రార్థనకు వెళ్లాను. వసారాలో మంచం లేదు. అక్కడ మిరపకాయల బస్తాలు వేసి ఉన్నాయి. నేను మంచం సంగతి అడగలేదు. ఆమె నాకు టీ ఇస్తూ, "అయ్యగారూ, మీకు తెలిసినవాళ్లు ఎవరన్నా ఇట్టా భయపడతా ఉంటే, నా దగ్గరకు పంపండి. నేను చెబుతాను" అన్నది.